విమానం దిగాకే అసలు పరీక్ష!

జీఆర్‌ఈ అయిపోయింది. ఐ-20 వచ్చింది. పాస్‌పోర్టు మీద వీసా పడింది. చిలుకూరు బాలాజీకి మొక్కుకున్న 108 ప్రదక్షిణలూ పూర్తయ్యాయి. ఇక అమెరికాలో చదువుకోవడమే తరువాయి అనుకుంటారు పిల్లలూ పెద్దలూ. నిజానికి పరీక్ష అప్పుడే మొదలవుతుంది. దానికి కోచింగ్ సెంటర్లుండవు, మోడల్ పేపర్లుండవు. మొదటి ఆర్నెల్లూ నిలదొక్కుకుంటే మాత్రం... మిగతా చదువు నల్లేరు మీద నడకే!

ఆగస్టు మొదటివారం. రాత్రి రెండు గంటలు. శంషాబాద్ విమానాశ్రయం బయట ఎక్కడ చూసినా పెద్దపెద్ద పెట్టెలు, వాటి చుట్టూ కుటుంబాలు. ఓ మూల తండ్రి పెట్టె తెరిచి కూర్చున్నాడు. 23 కిలోలు దాటిందట. రెండు జీన్స్ ప్యాంట్లు తీసేయమంటాడు కొడుకు. గోంగూర పచ్చడి మాత్రం తీయడానికి వీల్లేదంటుంది అమ్మ. ఎలాగోలా తూకం కుదురుతుంది. 'దిగగానే ఫోన్ చెయ్యి నాన్నా' అంటూ అమ్మ కళ్లు తుడుచుకుంటుంది. 'నువ్వూరుకో... అక్కడ మనవాళ్లు, సీనియర్లు బోలెడుమంది ఉన్నారు. ఏదున్నా వాళ్లే చూసుకుంటారు' అని ధైర్యం చెబుతాడు నాన్న.

ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగమే ఒక్కోసారి కొంప ముంచుతోంది.

2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుతున్న, చదువయ్యాక అక్కడే శిక్షణలో ఉన్న మనదేశ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత చైనాను దాటి మనం మళ్లీ మొదటిస్థానంలోకి వచ్చింది ఆ ఏడాదే. 2024-25కల్లా ఆ సంఖ్య 3,63,019కి చేరింది. అందులో తెలుగు పిల్లల వాటా పెద్దదే. మరోపక్క నిబంధనలూ బిగుసుకున్నాయి. 2025లో విద్యార్థి వీసాలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఇవ్వడం కొన్నివారాలపాటు ఆపేశారు. ఆ తర్వాత దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలనూ జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. అలాంటి వాతావరణంలో చిన్న పొరపాటుకీ పెద్ద మూల్యం చెల్లించాల్సి వస్తుంది. ఆ పొరపాట్లలో చాలావరకూ తెలివితక్కువతనంతో జరిగేవి కావు. అడగాల్సినవాళ్లను అడగకపోవడం వల్ల జరిగేవి!

గడప దాటేటప్పుడు...

కోర్సు మొదలయ్యే తేదీ ఐ-20 మీద ఉంటుంది. దానికి 30 రోజుల కంటే ముందు విద్యార్థి వీసాతో అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. టిక్కెట్టు చవగ్గా వచ్చిందని జులై మొదట్లోనే బుక్ చేస్తే చిక్కే. పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, అడ్మిషన్ లెటరు, బ్యాంకు కాగితాలు... ఇవన్నీ చేతి సంచిలోనే ఉండాలి. చెకిన్ చేసిన పెట్టెలో పడేస్తే ఇమిగ్రేషన్ అధికారి అడిగినప్పుడు దిక్కులు చూడాల్సి వస్తుంది. ఏం చదవబోతున్నారు, ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు... మామూలుగా అడిగేవి ఇవే. తెలిసింది తెలిసినట్టు, రెండు ముక్కల్లో చెబితే చాలు.

పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లడంలో తప్పులేదు. కానీ 'తినే పదార్థాలున్నాయా' అంటే ఉన్నాయనే చెప్పాలి. మాంసంతో చేసిన పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు లోపలికి రానివ్వరు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద బతుకుతుందని వాళ్ల భయం. చెప్పి ఇచ్చేస్తే పారేస్తారంతే. దాచి దొరికితే జరిమానా. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాల పొట్లం ఇంట్లోనే వదిలేయడం మంచిది. అక్కడ అవి నిషిద్ధం.

లోపలికి వెళ్లాక చేయాల్సిన మొదటి పని, ఐ-94 రికార్డును ఇంటర్నెట్‌లోంచి తీసి చూసుకోవడం. అందులో పేరు సరిగ్గా ఉందా, వీసా తరగతి ఎఫ్-1 అనే ఉందా అన్నది గమనించాలి. తప్పుంటే వెంటనే దిద్దించుకోవచ్చు. ఏడాది తర్వాత బయటపడితే తిరగలేక చావాలి. రెండో పని, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి హాజరు వేయించుకోవడం. 'ఓరియెంటేషన్‌లో ఏముంటుందిరా, పడుకో' అనే స్నేహితులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ రెండు మూడు గంటల్లో చెప్పే విషయాలే తర్వాతి రెండేళ్లూ కాపాడేది.

నలుగురు... రెండు గదులు

సీనియర్ల గొప్పతనం తెలిసేది మొదటి రాత్రే. అర్ధరాత్రయినా ఎయిర్‌పోర్టుకు కారేసుకుని వస్తారు. హాల్లో పరుపు వేస్తారు. పప్పుచారు, అన్నం వండిపెడతారు. సొంతగది దొరికేదాకా వారం పది రోజులు తమతోనే ఉంచుకుంటారు. ముక్కూమొహం తెలియని పిల్లలకు ఇంత సాయం చేసే పద్ధతిని మనవాళ్లు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి అందిస్తూ వస్తున్నారు. దానికి వెలకట్టలేం.

ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం మొహమాటం పనికిరాదు. అమెరికాలో లీజు సాధారణంగా ఏడాదికి రాస్తారు. నలుగురు కలిసి సంతకం చేశారంటే చాలా లీజుల్లో మొత్తం అద్దెకు నలుగురూ బాధ్యులే. ఒకడు మధ్యలో వేరే ఊరికి వెళ్లిపోతే అతని వాటా మిగతా ముగ్గురి మీదా పడుతుంది. అందుకే లీజు ఆసాంతం చదవాలి. కరెంటు, నీళ్లు, హీటరు ఖర్చు అద్దెలో కలిసే ఉందా? మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలి? వేరేవాళ్లకు అప్పగించడానికి ఒప్పుకుంటారా? ఈ మూడూ తేల్చుకోవాలి. ఇంట్లో దిగిన రోజే గోడల మీది మరకలు, విరిగిన తలుపులు ఫొటోలు తీసి పెట్టుకుంటే వెళ్లేటప్పుడు డిపాజిట్ దగ్గర గొడవ ఉండదు. చూడని ఇంటికి, తెలియని మనిషికి ఆన్‌లైన్‌లో అడ్వాన్సు పంపడం మాత్రం చేయకూడని పని.

ఇక కాపురం. అక్కడి కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ మోసుకెళ్తే అది అలంకారానికే. పోపు పొగకు స్మోక్ అలారం గోల చేస్తుంది. కొన్ని భవనాల్లో అయితే అందరూ రోడ్డు మీదికి రావాల్సిందే, ఫైరింజను రావాల్సిందే! ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి పోపు పెట్టడం మొదటివారం నేర్చుకోవాల్సిన విద్య. బాత్‌రూమ్‌లో స్నానానికి తొట్టి ఉంటుంది. దాని బయట నేల మీద నీళ్లు పోవడానికి చాలా ఇళ్లలో దారి ఉండదు. కర్టెన్ తొట్టి లోపలికి వేసుకుని స్నానం చేయాలి. లేకపోతే కిందింటి పైకప్పు తడిసి, ఆ బాగుచేత బిల్లు పైకి వస్తుంది.

గిన్నెలెవరు తోమాలి, సరకులెవరు తేవాలి అనే చోటే ప్రాణస్నేహాలు బెడిసికొట్టేది. ఇంట్లో ఏనాడూ పళ్లెం తీయని మగపిల్లలకు ఇది మరీ కష్టం. వెళ్లేముందు రెండు నెలలు వంటింట్లో అమ్మకు సాయం చేస్తే అన్నం, పప్పు, రెండు కూరలు వచ్చేస్తాయి. ఎంఎస్ కంటే ముందు సంపాదించాల్సిన డిగ్రీ అదే.

సార్ లేని తరగతి

మనదగ్గర ఏడాదంతా ఎలా ఉన్నా చివరి పదిరోజులు కూర్చుంటే పరీక్ష గట్టెక్కొచ్చు. అక్కడ ఆ లెక్క చెల్లదు. మొదటి తరగతిలోనే సిలబస్ కాగితం చేతికిస్తారు. హోంవర్కులకు ఎన్ని మార్కులు, ప్రాజెక్టుకు ఎన్ని, మిడ్‌టర్మ్‌కు ఎన్ని, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత... అన్నీ అందులోనే ఉంటాయి. అది టీచరుకూ విద్యార్థికీ మధ్య ఒప్పందపత్రం లాంటిది. తేదీల దగ్గర జాగ్రత్త. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 10/9 అంటే సెప్టెంబరు పదో తేదీ కాదు, అక్టోబరు తొమ్మిది!

ప్రొఫెసర్‌ని చూడగానే లేచి నిలబడి 'సార్' అనడం మన అలవాటు. అక్కడ చాలామంది పేరుపెట్టి పిలవమంటారు. ఎలా పిలవాలో తెలియకపోతే మొదట్లో ప్రొఫెసర్ అని ఇంటిపేరుతో పిలిస్తే సరిపోతుంది. పిలుపు కంటే ముఖ్యమైంది ప్రశ్న. ఆఫీస్ అవర్స్ అని వారానికి కొన్ని గంటలు ప్రొఫెసర్లు విద్యార్థుల కోసమే గదిలో కూర్చుంటారు. 'అడిగితే ఏమనుకుంటారో' అని మన పిల్లలు అటువైపు పోరు. అర్థంకాలేదని చెప్పడం అక్కడ చిన్నతనం కాదు. పైగా అలా వెళ్లి మాట్లాడినవాళ్లనే ప్రొఫెసర్లు గుర్తుపెట్టుకుంటారు. అసిస్టెంట్‌షిప్ అవకాశాలు, సిఫారసు లేఖలు వచ్చే దారి కూడా అదే.

అన్నిటికంటే ప్రమాదం కాపీ. రూమ్మేట్‌కి ప్రోగ్రాం ఇవ్వడం ఇక్కడ స్నేహం. అక్కడ నేరం. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ దోషులే. వేరియబుల్ పేర్లు మార్చేస్తే తెలియదనుకుంటే పొరపాటు. ప్రోగ్రాముల్లో పోలికలు పట్టుకునే 'మాస్' లాంటి సాఫ్ట్‌వేర్లు 1994 నుంచే ఉన్నాయి. వ్యాసాలకు 'టర్నిటిన్' ఉంది. చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా, వాడితే ఎంతవరకు అన్నది ఏ ప్రొఫెసర్‌కి ఆ ప్రొఫెసర్ విడిగా చెబుతారు. చెప్పకపోతే అడిగి తెలుసుకోవాలి. దొరికితే ఆ సబ్జెక్టు పోవడమే కాదు, యూనివర్సిటీ నుంచి పంపించేయొచ్చు కూడా. అప్పుడు వీసా ఆధారమే పోతుంది.

మాస్టర్స్ విద్యార్థులు చాలాచోట్ల సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు తీసుకోవాలి, సగటున 3.0 జీపీఏ నిలబెట్టుకోవాలి. ఒక సబ్జెక్టు మరీ కష్టంగా ఉంటే వదిలేయాలనిపిస్తుంది. అలా చేస్తే క్రెడిట్లు తగ్గి, పూర్తికాలం విద్యార్థి అనే హోదా పోయే ప్రమాదముంది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందు అనుమతి తీసుకున్నాకే సబ్జెక్టు వదలాలి.

'అన్న చెప్పాడు'

దిగిన రెండు నెలలకే చేతిలో డబ్బులు అయిపోవస్తాయి. ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. కాఫీ తాగాలన్నా మనసొప్పదు. ఊళ్లో పొలం తాకట్టులో ఉంది. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. క్యాంపస్‌లో ఉద్యోగానికి పది చోట్ల అడిగినా దొరకలేదు. సరిగ్గా అప్పుడే ఓ అన్న చెబుతాడు... 'గ్యాస్ స్టేషన్‌లో చేరిపో తమ్ముడూ. క్యాష్ ఇస్తారు. ఎవరికీ తెలియదు. మేమందరం చేసినోళ్లమే!'

ఆ అన్న చెడ్డవాడు కాదు. మొదటి రాత్రి పప్పుచారు పోసింది అతనే కావచ్చు. కానీ అతను చెప్పేది చట్టం కాదు. తాను దొరకలేదు కాబట్టి అది సరైందనుకుంటున్నాడు, అంతే. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, అదీ క్యాంపస్‌లోనే పనిచేయాలి. సెలవుల్లో మాత్రం ఎక్కువ గంటలు చేయొచ్చు. అనుమతి లేకుండా బయట ఒక్కరోజు పనిచేసినా వీసా నిబంధన ఉల్లంఘించినట్టే. ఆ పని ఇచ్చిన యజమాని జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా వెళ్లి ఫిర్యాదు చేసే ధైర్యం ఉండదు. రేపు హెచ్-1బీకో, గ్రీన్‌కార్డుకో దరఖాస్తు చేసేటప్పుడు పాత చరిత్ర బయటికొస్తుంది.

అన్నల మాట విని నిండా మునిగిన సంగతులు మనకు కొత్తకాదు. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ ఉండేది. 2011 జనవరిలో దాని మీద దాడులు జరిగేనాటికి అందులో చదువుతున్నట్టు పేరున్నవాళ్లు పదిహేను వందల మందికి పైనే. ఎక్కువమంది మనదేశం వాళ్లు, వారిలోనూ ఎక్కువమంది తెలుగువాళ్లు. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపించారు. కొంతమంది పిల్లల కాళ్లకు ఎటు వెళ్లినా తెలిసే ఎలక్ట్రానిక్ ట్యాగులు బిగించారు. టీవీలో ఆ దృశ్యం చూసి ఇక్కడ తల్లిదండ్రులు తల్లడిల్లిపోయారు. ఆ సంస్థ యజమానికి 2014లో పదహారేళ్ల పైచిలుకు జైలుశిక్ష పడింది. పిల్లలు పోగొట్టుకున్న డబ్బు, కాలం మాత్రం తిరిగిరాలేదు.

ఎనిమిదేళ్లు తిరక్కుండానే మళ్లీ అదే కథ. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి వెలిసింది. తరగతుల్లేవు, టీచర్లు లేరు. ఫీజు కడితే చాలు, పని చేసుకునే అనుమతి ఇస్తామన్నారు. దాన్ని నడిపింది సాక్షాత్తూ అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే! వల పన్ని కూర్చున్నారన్నమాట. 2019 జనవరిలో గుట్టు విప్పి 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకుంటే వారిలో 129 మంది భారతీయులు. ఆ ఏడాది చివరికి అరెస్టులు 250కి చేరాయి. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తుల మీద కేసులు పెట్టారు. ఆ చేర్పించినవాళ్లు బయటివాళ్లెవరో కాదు... మనవాళ్లే, 'అన్నలే'.

ఈ రెండు ఉదంతాలూ చెప్పే సూత్రం ఒకటే. తరగతికి వెళ్లక్కర్లేదు, మొదటిరోజు నుంచే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరన్నా ఆశ చూపిస్తే అనుమానించాల్సిందే. చదువులో భాగంగా చేసే సీపీటీ, చదువయ్యాక చేసే ఓపీటీ... రెంటికీ కచ్చితమైన షరతులున్నాయి. ఒక స్థాయి చదువులో పన్నెండు నెలల ఫుల్‌టైమ్ సీపీటీ వాడేస్తే ఆ స్థాయికి ఓపీటీ అవకాశమే పోతుంది. ఇలాంటివి చెప్పడానికే ప్రతి యూనివర్సిటీలోనూ డీఎస్‌ఓ అనే అధికారి ఉంటారు. ఇల్లు మారితే పదిరోజుల్లోగా చెప్పాల్సింది ఆయనకే. సెలవుల్లో ఇంటికి వచ్చేముందు ఐ-20 మీద సంతకం పెట్టించుకోవాల్సింది ఆయన దగ్గరే. అడిగితే డబ్బు తీసుకోరు. చదువుతున్నన్నాళ్లూ తెరిచి ఉండే తలుపది. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి, పోయినేడు అన్నకు చెల్లింది ఈ ఏడు తమ్ముడికి చెల్లకపోవచ్చు. ఏ అన్న ఏం చెప్పినా, ఆ సంగతి డీఎస్‌ఓ నుంచి మెయిల్‌లో తెప్పించుకోవడం ఉత్తమం. కాగితం మీద ఉన్నదే సాక్ష్యం.

పన్ను నొప్పి... పర్సుకు నొప్పి

జ్వరమొస్తే వీధి చివర డాక్టరు దగ్గరికి పరుగెత్తడం మన పద్ధతి. అమెరికాలో ముందు ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబర్లు చూసుకోవాలి. చిన్నచిన్న జబ్బులకు క్యాంపస్‌లోని హెల్త్ సెంటరే దిక్కు. అది మూసేస్తే అర్జెంట్ కేర్ క్లినిక్‌లుంటాయి. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు వేల డాలర్లలో రావచ్చు. మొదట ఇంత మొత్తం సొంతంగా పెట్టుకున్నాకే మిగతాది ఇన్సూరెన్స్ భరిస్తుంది అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ మొత్తం ఎంతో ముందే తెలుసుకోవాలి. అయితే గుండెనొప్పి, ప్రమాదం లాంటివి జరిగినప్పుడు ఖర్చు చూసుకుంటూ కూర్చోకూడదు. 911కి ఫోన్ చేయాల్సిందే.

విద్యార్థుల ఇన్సూరెన్స్‌లో పళ్ల వైద్యం చాలావరకు ఉండదు. అందుకే పుచ్చుపళ్లు ఇక్కడే పూడ్పించుకుని, జ్ఞానదంతం సంగతి తేల్చుకుని వెళ్లాలి. కళ్లజోళ్లు రెండు జతలుంటే మేలు. టీకాల కార్డు వెతికి పెట్టుకోవాలి. ఎంఎంఆర్ రెండు డోసుల రుజువు చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. రోజూ వాడే మందులుంటే అసలు ప్యాకింగ్‌లో, డాక్టరు చీటీతో పాటు తీసుకెళ్లాలి.

అక్కడ మంచి పేరు కూడా అంకెల్లోనే ఉంటుంది. క్రెడిట్ స్కోరు 300 నుంచి 850 దాకా. కార్డు తీసుకుని, బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తుంటే స్కోరు పెరుగుతుంది. ఇల్లు, కారు, ఫోను... అన్నిటికీ అదే ఆధారం. కనీస మొత్తమే కడుతూ పోతే వడ్డీ మెడకు చుట్టుకుంటుంది. దుకాణంలో వస్తువు మీద రాసిన ధరకు చాలా రాష్ట్రాల్లో పన్ను అదనమని గుర్తుంచుకుంటే కౌంటరు దగ్గర కంగారుండదు. జీతం వచ్చినా రాకపోయినా మొదటి ఏడాది నుంచే 8843 అనే ఫారం నింపి పన్నుల శాఖకు పంపాలి. ఈ సంగతి తెలియక వదిలేసేవాళ్లే ఎక్కువ.

మోసగాళ్ల ఫోన్లు మరో బెడద. 'ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. నీ వీసాలో తప్పుంది. గంటలో గిఫ్ట్‌కార్డులు కొని నంబర్లు చెప్పకపోతే అరెస్టు చేస్తాం' అంటారు. కొత్తగా వచ్చిన పిల్లలు హడలిపోయి ఉన్నదంతా సమర్పించుకుంటారు. ఏ ప్రభుత్వమూ గిఫ్ట్‌కార్డుల రూపంలో డబ్బు అడగదు. ఫోన్ పెట్టేసి డీఎస్‌ఓకు చెప్పడమే మందు.

నవంబరు చీకటి

ఆగస్టులో అంతా వింతగానే ఉంటుంది. సెప్టెంబరు పనిలో గడిచిపోతుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. డాలస్‌కీ మనకీ అంతకుముందు పదిన్నర గంటల తేడా ఉండేది, ఆ రోజు నుంచి పదకొండున్నర. అమ్మతో మాట్లాడే సమయం కూడా మారిపోతుంది. బయట చలి, లోపల ప్రాజెక్టుల ఒత్తిడి. ఇక్కడ దీపావళి ఫొటోలు ఫోన్‌లోకి వచ్చి పడుతుంటాయి. క్లాసులో ఎప్పుడూ ఫస్టొచ్చిన పిల్ల, మొదటిసారి మిడ్‌టర్మ్‌లో సగం మార్కుల దగ్గర ఆగిపోయి ఉంటుంది. అమ్మ ఫోన్ చేసి 'ఎలా ఉన్నావు బంగారం?' అంటే 'బాగున్నానమ్మా' అంటుంది. ఫోన్ పెట్టేశాక బాత్‌రూమ్‌లోకెళ్లి ఏడుస్తుంది.

ఇలా అనిపించడం జబ్బు కాదు, చేతకానితనం అంతకంటే కాదు. కొత్త దేశం వెళ్లిన ఎవరికైనా కొన్నాళ్లు ఈ బెంగ తప్పదు. కానీ నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, తరగతులకు వెళ్లబుద్ధి కాకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం ఎవరితోనైనా చెప్పాలి. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్లున్నాయి. విద్యార్థులకు అక్కడ మొదటి కొన్ని విడతలైనా సాధారణంగా ఉచితం. వాళ్లతో చెప్పుకున్నవి ప్రొఫెసర్లకీ తెలియవు, అమ్మానాన్నలకీ తెలియవు. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలొస్తే 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. 2022 జులై నుంచి అమెరికా అంతటికీ అదొక్కటే నంబరు. 'నాకెందుకు కౌన్సెలింగ్, నాకేమన్నా పిచ్చా' అనుకోవడమే మనవాళ్లకున్న పెద్ద అడ్డంకి.

తెలుగు రూమ్మేట్లు, తెలుగు సినిమాలు, తెలుగు బిర్యానీ... బెంగకు మంచి మందే. అయితే అదే లోకమైపోతే రెండేళ్లయినా ఇంగ్లిషులో నాలుగు ముక్కలు ధైర్యంగా మాట్లాడటం రాదు. వారానికి ఒక్కసారైనా తెలుగు రానివాళ్లతో కలిసి భోజనం చేయడం, ఓ క్లబ్బులోనో జిమ్‌లోనో చేరడం మంచిది. థ్యాంక్స్‌గివింగ్‌కి ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్పక వెళ్లాలి. ఉద్యోగం ఇంటర్వ్యూలో పనికొచ్చేది ఆ చొరవే.

రోడ్డు మీద... నీళ్ల దగ్గర

అక్కడ బళ్లన్నీ కుడివైపు నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మనవాళ్లు అలవాటుకొద్దీ అటు చూడాల్సింది పోయి ఇటు చూస్తారు. కారు నడిపేటప్పుడు వెనక పోలీసు లైట్లు వెలిగితే పక్కకు తీసి ఆపాలి. మనదగ్గరలా దిగి ఆయన దగ్గరికి నడిచి వెళ్లకూడదు. సీట్లోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచాలి. లైసెన్సు కోసం జేబులో చేయి పెట్టేముందు కూడా చెప్పి పెట్టాలి. తాగి నడిపితే వీసాకే ఎసరు. దుకాణంలో తమాషాకి ఓ వస్తువు బిల్లు వేయకుండా తెచ్చినా అంతే.

సెలవురోజున సరస్సుకో జలపాతానికో వెళ్లి తిరిగిరాని తెలుగు పిల్లల వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. చూడ్డానికి ప్రశాంతంగా కనిపించే నీళ్లలో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, చల్లదనానికి కండరాలు పట్టేస్తాయి. ఈత రానివాళ్లు గట్టునే ఉండాలి. వచ్చినవాళ్లయినా లైఫ్‌జాకెట్ లేకుండా దిగకూడదు.

ఇక్కడున్నవాళ్లు ఏం చేయాలి?

పిల్లల్ని పంపించాక తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు రెండే. 'తిన్నావా?' 'ఉద్యోగం ఏమన్నా దొరికిందా?' మొదటిది ప్రేమ. రెండోది తెలియకుండానే మోపే బరువు. 'మీ పెదనాన్న కొడుకు అప్పుడే అప్పు తీర్చేశాడు' అన్న మాట గ్యాస్ స్టేషన్ వైపు నెట్టే మాట. అందుకే వెళ్లకముందే కూర్చుని లెక్క మాట్లాడుకోవాలి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, మొదటి ఏడాది ఎంత పంపగలం, ఉద్యోగం ఆలస్యమైతే ఏం చేద్దాం... ఇవన్నీ పిల్లలకూ తెలియాలి. 'మార్కులు తగ్గినా, డబ్బు అయిపోయినా ముందు మాకే చెప్పు. తిట్టం' అని ఒక్కమాట అంటే పిల్లలు అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదు.

పాస్‌పోర్టు, వీసా, ఐ-20, ఇన్సూరెన్స్ కార్డుల నకళ్లు ఇంట్లో ఒక సెట్ ఉంచుకోవాలి. ఇద్దరు రూమ్మేట్ల నంబర్లు, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నంబరు రాసి పెట్టుకోవాలి. వారానికి ఒకరోజు, ఒక సమయం అనుకుని తీరిగ్గా మాట్లాడుకుంటే రోజుకు పదిసార్లు ఫోన్ చేయక్కర్లేదు. ఓ పూట ఫోన్ ఎత్తకపోతే హడలిపోనక్కర్లేదు, రెండు రోజులు ఎత్తకపోతే ఊరుకోనూకూడదు.

ఎవరిని ఏం అడగాలి?

వీసా, ఉద్యోగ అనుమతి, సబ్జెక్టు వదలడం, యూనివర్సిటీ మారడం: డీఎస్‌ఓ.

పాఠం అర్థంకాకపోతే: ప్రొఫెసర్, టీచింగ్ అసిస్టెంట్. వ్యాసాలు రాయడం రాకపోతే క్యాంపస్‌లోని రైటింగ్ సెంటర్.

రెజ్యుమె, ఇంటర్వ్యూ: కెరీర్ సెంటర్. రెండో ఏడాదిలో కాదు, మొదటి నెలలోనే.

దిగులు, భయం: కౌన్సెలింగ్ సెంటర్. అత్యవసరమైతే 988.

ప్రమాదం, దాడి, దొంగతనం: 911, క్యాంపస్ పోలీసులు.

పాస్‌పోర్టు పోతే, పెద్ద ఆపద వస్తే: వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం, లేదా ఆ ప్రాంతానికి దగ్గర్లోని కాన్సులేట్. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇంటి దగ్గర నుంచి తల్లిదండ్రులు కూడా ఫిర్యాదు చేయొచ్చు. తానా, ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాలూ ఇలాంటప్పుడు ముందుకొస్తుంటాయి.

మంచి బియ్యం ఎక్కడ దొరుకుతాయి, ఏ బస్సెక్కాలి, ఏ ప్రొఫెసర్ పాఠం బాగా చెబుతారు: సీనియర్ అన్నలు, అక్కలు. ఈ విషయాల్లో వాళ్లను మించినవాళ్లు లేరు!

ఏడాది ఇట్టే తిరిగిపోతుంది. మళ్లీ ఆగస్టు వస్తుంది. నిరుడు పెట్టె తూకం దగ్గర కంగారుపడ్డ కుర్రాడే ఇప్పుడు కొత్తవాళ్ల కోసం కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్తాడు. హాల్లో పరుపు వేస్తాడు. పప్పుచారు పోస్తాడు. రెండు నెలలు పోయాక ఆ జూనియర్ వచ్చి, 'అన్నా, బయట పని దొరుకుతుందట. చేరిపోనా?' అని అడుగుతాడు. అప్పుడు ఆ అన్న చెప్పగలిగిన మంచిమాట ఒక్కటే.

'నాకు తెలీదు తమ్ముడూ. పద, రేపు పొద్దున్నే ఆఫీసులో అడుగుదాం.'